బర్రో కనుమ నుంచి కొలరాడో నది దాకా

అమెరికాలో యూటా రాష్ట్రపు ఆగ్నేయ మూలన మోయాబ్ అనే చిన్న ఊరుంది. ఊరికి తూర్పున లా సాల్ పర్వతాలు, ఉత్తరాన కొలరాడో నది. పర్వతాల్లోని బర్రో పాస్ అనే కనుమ దగ్గర బయల్దేరి నది ఒడ్డు దాకా మౌంటెన్ బైక్ మీద దిగే దారిని హోల్ ఎంచిలాడా అంటారు. పొడవు సుమారు 26 మైళ్ళు, అంటే 42 కిలోమీటర్లు. కనుమ ఎత్తు 11,150 అడుగుల దరిదాపు, నది ఒడ్డు ఎత్తు 4,000 అడుగుల దరిదాపు. తిరుమల సముద్రమట్టానికి దాదాపు మూడువేల అడుగుల ఎత్తున ఉంది. ఈ దారిలో ఒక్క పూటలో దిగేది అంతకు రెండింతలకు పైనే. మధ్యలో చిన్నాపెద్దా ఎక్కుళ్ళు కూడా ఉన్నాయి. అన్నీ కూడితే వెయ్యి అడుగులు దాటుతాయి. దిగుడు దారి కదా అని కాళ్ళకు సాధన లేకుండా వచ్చినవాళ్ళు ముందు అక్కడే చతికిలబడతారు.

మోయాబ్ పుట్టుకతో సైకిళ్ళ ఊరు కాదు. 1952లో చార్లీ స్టీన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఊరికి దక్షిణాన పెద్ద యురేనియం నిక్షేపం కనిపెట్టాక అది గనుల ఊరైంది. 1980ల మొదట్లో యురేనియానికి గిరాకీ పోయి, గనులు మూతబడి, జనం ఇళ్ళు అమ్ముకుని వెళ్ళిపోయారు. ఆ రోజుల్లోనే, 1983లో, గనుల్లో పనిచేసిన గ్రాఫ్ సోదరులు రిమ్ సైక్లరీ అనే సైకిల్ షాపు తెరిచారు. 1969లో మోటార్‌సైకిళ్ళ కోసం గుర్తులు వేసిన స్లిక్‌రాక్ ట్రైల్ మీదికి సైకిళ్ళు వచ్చాయి, వాటి వెనక పత్రికలు వచ్చాయి, పత్రికల వెనక ప్రపంచం వచ్చింది. హోల్ ఎంచిలాడా ఆ తర్వాత చాలా ఏళ్ళకు, ఉన్న దారులకు కొత్త దారులు అతికితే తయారైంది.

అందుకే ఇది పేరుకు ఒకటే దారి అయినా నిజానికి ఆరు ముక్కలు: బర్రో పాస్, హజార్డ్ కౌంటీ, కోకోపెల్లి, అప్పర్ పోర్కుపైన్ సింగిల్‌ట్రాక్, లోయర్ పోర్కుపైన్ సింగిల్‌ట్రాక్, చివర పోర్కుపైన్ రిమ్. నాలుగో ఐదో ముక్కలను రైడర్లు యూపీఎస్, ఎల్‌పీఎస్ అనే పిలుస్తారు. ఒక్కో ముక్కది ఒక్కో నేల, ఒక్కో తీరు. పైన మంచు కరిగిన చెమ్మ, స్ప్రూస్ చెట్ల వేర్లు, వాగులు. నడుమ ఆస్పెన్ తోపులు, ఓక్ పొదలు, మెత్తటి మట్టి. కింద ఎర్రటి ఇసుకరాతి పలకలు, మెట్లు, ఎండ. దిగేకొద్దీ దారి మొరటుదేరుతుంది. అన్నిటికన్నా కష్టమైన ముక్క, చేతులు అన్నిటికన్నా అలిసిపోయిన వేళకు వస్తుంది. బృందంగా వెళ్ళేవాళ్ళు ప్రణాళికను పైనుంచి కిందికి వేయడం పరిపాటి. ఈ దారికి మాత్రం నది దగ్గర మొదలుపెట్టి పైకి వేసుకుంటూ పోవాలి. పోర్కుపైన్ రిమ్‌కు ఎన్ని గంటలకు, ఎంత నీటితో, ఎంత ఓపికతో చేరాలన్నది తేలితే మిగతాదంతా దాని నుంచే తేలుతుంది.

మొదట తేలాల్సింది నెల. బర్రో పాస్ మీద మంచు జూన్ చివరిదాకా, కొన్నేళ్ళు జులై దాకా ఉంటుంది. అక్టోబరులో మళ్ళీ మొదలవుతుంది. అంటే మొత్తం దారి తెరిచి ఉండేది ఏడాదిలో మూడు నాలుగు నెలలే. వసంతంలో వచ్చే బృందాలను, మనుషులనూ సైకిళ్ళనూ పైకి చేర్చే షటిల్ బండ్లు మంచు గీత ఎక్కడుంటే అక్కడిదాకా తీసుకెళ్తాయి. ఒక వారం ఎల్‌పీఎస్ దగ్గర, ఇంకో వారం యూపీఎస్ దగ్గర, మే నెల నడిచేకొద్దీ హజార్డ్ కౌంటీ దగ్గర దించుతాయి. కొత్తగా వచ్చే బృందానికి ఇలా సగం దారి దొరకడం నష్టమేమీ కాదు. అసలు పరీక్ష ఎటూ కింది సగంలోనే ఉంది.

జులై, ఆగస్టుల్లో పైదారి బాగుంటుంది గానీ మోయాబ్‌లో మధ్యాహ్నం ఎండ 37, 38 డిగ్రీలు సెల్సియస్. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే గాలి ఆరేడు డిగ్రీలు చల్లబడుతుంది కాబట్టి అదే గంటకు కనుమ మీద పద్నాలుగు డిగ్రీలు తక్కువ. పొద్దున కనుమ మీద స్వెటర్ వేసుకున్న మనిషి మధ్యాహ్నం రాతి పలకల మీద పెనం మీద పడ్డట్టవుతాడు. ఆ నెలల్లోనే దక్షిణం నుంచి తేమగాలి ఎక్కి వచ్చి, మధ్యాహ్నాలు కొండల మీద ఉరుములు మెరుపులతో వాన కురుస్తుంది. ఈ రెండింటినీ చూసి తెలిసినవాళ్ళు సెప్టెంబరు పెట్టుకుంటారు. ఆస్పెన్ ఆకులు పసుపెక్కేది కూడా ఆ నెల చివర్లోనే, అందువల్ల షటిల్ బండ్లకు రద్దీ ఎక్కువ.

తర్వాత మనుషులు. నలుగురి నుంచి ఆరుగురు మంచి సంఖ్య. ముగ్గురే ఉండి ఒకరికి దెబ్బ తగిలితే, ఒకరు తోడుండగా రెండోవాడు ఒంటరిగా సాయానికి వెళ్ళాలి. ఎనిమిది దాటితే ప్రతి పంక్చరుకూ ఎనిమిది మంది ఆగాలి. రోజంతా ఆగడంలోనే పోతుంది. సంఖ్య కన్నా ముఖ్యం ఎవరిని పిలవాలన్నది. ఇక్కడ స్నేహం ఒక కొలత కాదు, మొహమాటం అసలే కాదు. చదును రోడ్డు మీద వంద కిలోమీటర్లు తొక్కగలిగిన మనిషి, మోకాలెత్తు రాతిమెట్టు మీద ముందు చక్రం దించాల్సి వస్తే కొయ్యబారిపోవచ్చు. మోయాబ్‌లో దీనికి తేలికైన పరీక్ష ఉంది: రెండు రోజులు ముందు వచ్చి ఊరి దగ్గరి దారుల్లో అందరూ కలిసి తొక్కడం. రాతిమెట్ల మీద ఎవరు దిగి నడుస్తున్నారో, ఎవరు దిగాల్సిన చోట దిగకుండా పంతానికి పోతున్నారో అక్కడే బయటపడుతుంది. దిగి నడిచేవాళ్ళతో ఏ చిక్కూ ఉండదు. రెండోరకం వాళ్ళతోనే ఉంటుంది.

ఆ రెండు రోజులు ఎత్తుకు అలవాటు పడడానికీ కావాలి. బర్రో పాస్ ఎత్తు 3,400 మీటర్లు, ఇంచుమించు లేహ్ పట్టణమంత. సముద్రతీరపు ఊళ్ళలో ఉండేవాళ్ళు విమానం దిగి మర్నాడే అక్కడ సైకిల్ నెడితే తలనొప్పి, వికారం, ఆయాసం తప్పకపోవచ్చు. మోయాబ్‌లో పడుకున్నంత మాత్రాన ఒళ్ళు అలవాటు పడదు. ఊరు పన్నెండు వందల మీటర్ల ఎత్తునే ఉంది. కొండల్లో 9,400 అడుగుల ఎత్తున వార్నర్ లేక్ క్యాంప్‌గ్రౌండ్ ఉంది. ముందురోజు రాత్రి అక్కడ గుడారం వేసుకోవడం తెలివైన పని.

సైకిల్ విషయంలో వాదం అక్కర్లేదు. ఫుల్ సస్పెన్షన్, ముందు ఫోర్క్ 150 మిల్లీమీటర్ల దరిదాపు, సీటు దించుకునే డ్రాపర్ పోస్ట్, ట్యూబ్‌లెస్ టైర్లు ఉండాలి. సొంతది లేనివాళ్ళకు ఊళ్ళో అద్దెకు దొరుకుతుంది, విమానంలో మోసుకొచ్చే తంటా కన్నా అదే మేలు. ఎలక్ట్రిక్ సైకిళ్ళను అటవీ శాఖ మోటారు వాహనాల కిందే లెక్కగడుతుంది కాబట్టి పై ముక్కల్లో వాటికి చోటు లేదు.

వాదం పెట్టుకోవాల్సింది బ్రేకుల గురించి. మనిషి, సైకిల్, సంచి కలిపి 95 కిలోలనుకుంటే, ఆ బరువు 2,150 మీటర్లు దిగేసరికి వదిలే శక్తి ఇరవై లక్షల జౌళ్ళు. ఆరు లీటర్ల చన్నీళ్ళను మరిగించడానికి సరిపోయే వేడి అది. కొంత గాలికి, కొంత టైర్లకూ సస్పెన్షన్‌కూ పోయినా, పెద్ద వాటా జానెడు వెడల్పు ఉక్కు రోటర్లూ, వేలి గోరు కన్నా కాస్త పెద్దవైన ప్యాడ్లూ భరించాలి. చక్రం విప్పి చూస్తే ప్యాడ్ మీది అరుగుదల పదార్థం ఒక మిల్లీమీటరుకు దగ్గరపడితే దాన్ని ఊళ్ళోనే మార్చేయాలి, సాయంత్రం దాకా వస్తుందిలే అనుకోకూడదు. ఆర్గానిక్ ప్యాడ్లు మెత్తగా, చప్పుడు లేకుండా పట్టుకుంటాయి గానీ వేడెక్కితే జారతాయి, త్వరగా అరుగుతాయి. ఇలాంటి దారికి లోహపు పొడితో చేసిన సింటర్డ్ ప్యాడ్లు నయం. నాలుగు పిస్టన్ల కాలిపర్, 200 మిల్లీమీటర్ల రోటర్ ఉంటే లీవరు మీద ఒక్క వేలు చాలు. ఒక్క వేలు చాలడమన్నది సోకు మాట కాదు. రెండు వేళ్ళతో గట్టిగా నొక్కుతూ నాలుగు గంటలు దిగిన చెయ్యి పోర్కుపైన్ రిమ్ చేరేసరికి హ్యాండిల్ పట్టుకోవడానికే మొరాయిస్తుంది. బ్రేకులు విడిచిపెట్టకుండా కొద్దికొద్దిగా నొక్కి ఉంచే అలవాటున్నవాళ్ళకు ఇంకా ముందే వస్తుంది ఆ గతి. మలుపు ముందు గట్టిగా నొక్కి, మలుపులో వదిలేయడం నేర్చుకున్నవాళ్ళ రోటర్లూ చల్లగా ఉంటాయి, చేతులూ నిలుస్తాయి.

టైరు గాలిది చిత్రమైన లెక్క. మోయాబ్‌లో 25 పీఎస్ఐ కొట్టిన టైరును కనుమ మీదికి తీసుకెళ్తే బయటి గాలి ఒత్తిడి మూడు పీఎస్ఐ దాకా తగ్గుతుంది కాబట్టి గేజీలో అంత పెరగాలి. చలికి టైరులోని గాలి కుంచించుకోవడంతో అందులో సగమో అంతకు మించో మళ్ళీ పోతుంది. పైన సరిచూసుకుని 25 పెట్టుకుంటే, దిగేటప్పుడు ఎత్తు తగ్గడం ఒకవైపు, ఎండ వేడి ఇంకోవైపు లాగి, నది దగ్గర కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. అందుచేత గేజీ షటిల్‌లోనే ఉండాలి, గదిలో కాదు. రాతి అంచులకు తగిలి రిమ్ము నొక్కుకోకుండా వెనక టైరులో ముందుదాని కన్నా రెండు మూడు పీఎస్ఐ ఎక్కువ ఉంచుతారు.

పనిముట్లు అందరూ అన్నీ మోయాల్సిన పనిలేదు. ముందు రాత్రి ఒక బల్ల మీద అన్నీ పరిచి పంచుకోవాలి. చైన్ టూల్, క్విక్ లింకులు, షాక్ పంప్, స్పేర్ ప్యాడ్లు, పెద్ద ప్రథమ చికిత్స పెట్టె బృందానికి ఒక్కోటి చాలు. ట్యూబు, టైరు ప్లగ్గులు, పంపు మాత్రం ఎవరివి వాళ్ళకే ఉండాలి. డిరైలర్ హ్యాంగర్ ఒకరిది ఇంకొకరి సైకిల్‌కు అమరకపోవచ్చు. చిటికెన వేలంత ఆ అల్యూమినియం ముక్క రాయికి తగిలి విరిగితే గేర్లు లేవు, తొక్కుడు లేదు, కనుక ప్రతి మనిషీ తన సైకిల్‌కు సరిపోయేది సంచి అడుగున వేసుకోవాలి. అద్దె సైకిల్ అయితే షాపువాణ్ణి అడిగి తీసుకోవాలి. అడగనిదే ఇవ్వరు.

నీళ్ళు మనిషికి మూడు నుంచి నాలుగు లీటర్లు. పైన వాగులున్నాయి గానీ పశువులు తిరిగే చోటు, వడపోయకుండా తాగకూడదు. హజార్డ్ కౌంటీ దాటాక నది దాకా నమ్మదగ్గ నీటిచుక్క లేదు.

షటిల్ సీట్లు ముందే రిజర్వు చేసుకోవాలి, వీలైనంత పొద్దున్నే బయల్దేరేది చూసుకోవాలి. తెల్లవారుతుండగా షాపు ముందు వ్యాన్లు వరసగా నిలబడతాయి. ట్రెయిలర్ మీద సైకిళ్ళు ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ తిప్పి, పెడల్ ఇంకోదాని ఫ్రేముకు తగలకుండా మధ్య పాత దుప్పట్లు కుక్కి కట్టేస్తారు. పైదాకా గంటకు పైగా ప్రయాణం. డ్రైవర్ ఆ దారిలో చెప్పే మాటలు వినాల్సినవి. నిన్న ఎక్కడ చెట్టు పడిందో, ఏ వాగు పొంగిందో, రాత్రి వానకు పైమట్టి ఎలా ఉందో ఏ యాప్ కన్నా అతనికే ముందు తెలుస్తుంది. తడిసిన దారి మీద చక్రం పడితే గాడి పడుతుంది, ఎండాక అది గట్టిపడి ఏడాదంతా ఉంటుంది. బర్రో తడిగా ఉందని అతను అంటే కిందినుంచి మొదలుపెట్టడమే మర్యాద.

వ్యాన్ దించేది సాధారణంగా గైజర్ పాస్ దగ్గర, 10,500 అడుగుల ఎత్తున. అక్కణ్ణుంచి బర్రో పాస్‌కు దాదాపు మూడు మైళ్ళు ఎక్కాలి. చివరి భాగం ఎంత నిటారంటే చాలామంది సైకిల్ నెట్టుకుంటూనే పోతారు. ఇక్కడ పందేలు వద్దు. మొదటి గంటలో గుండె అదరగొట్టుకున్నవాడు ఆరో గంటలో పడతాడు.

కనుమ దాటగానే వరస కుదరాలి. ముందు నడిచేవాడు దారి తెలిసినవాడై ఉండాలి, అందరికన్నా వేగంగా పోయేవాడు కానక్కర్లేదు. అందరికన్నా వెనక వచ్చేవాడు బాగా తొక్కగలిగి, సైకిల్ బాగుచేయగలిగినవాడై ఉండాలి; ప్రథమ చికిత్స పెట్టె అతని దగ్గరే ఉండాలి. పెట్టె ముందున్నవాడి దగ్గర ఉంటే, దెబ్బ తగిలినవాడి కోసం దాన్ని కొండ ఎక్కించి తేవాలి. ప్రతి చీలిక దగ్గరా ముందువాడు ఆగి, చివరివాడు కంటపడే దాకా కదలకూడదు. చివరివాడు రాగానే మిగతావాళ్ళు పరుగున బయల్దేరడం బృందాల్లో మామూలు అన్యాయం: అందరికీ విశ్రాంతి దొరికింది, అది ఎక్కువ అవసరమైనవాడికే దొరకలేదు. అతనికి అయిదు నిమిషాలు ఇచ్చాకే కదలాలి. మనిషికీ మనిషికీ మధ్య ఎడం కూడా ఉండాలి. ముందువాడి వెనక చక్రాన్నే చూస్తూ దిగేవాడికి రాయి కనపడేది అతను దాని మీదికి ఎక్కాకే.

బర్రో నుంచి దిగుడు నిటారు మలుపులతో, వేర్లతో, వాగు దాటుళ్ళతో వార్నర్ లేక్ వైపు సాగుతుంది. హజార్డ్ కౌంటీ మొదట్లో చిన్న ఎక్కుడు, తర్వాత ఓక్ పొదల నడుమ సాఫీగా పారే దారి. అందరికీ నచ్చే ముక్క అదే, వేగం పెరిగిపోయేదీ అక్కడే. ఆ తర్వాత కొంతదూరం కోకోపెల్లి ట్రైల్. కొలరాడో రాష్ట్రంలోని లోమా నుంచి మోయాబ్ దాకా 142 మైళ్ళు పోయే పొడవాటి దారిలో అది ఒక తునక, ఇక్కడ జీపులు తిరిగే వెడల్పు బాట.

కోకోపెల్లి దాటాక యూపీఎస్ మొదలయ్యే చోటు ఈ మొత్తం ప్రణాళికకు ఇరుసు. సాండ్ ఫ్లాట్స్ రోడ్డు అక్కడికి దగ్గరలోనే ఉంది; మోయాబ్‌కు తిన్నగా దిగిపోతుంది. మట్టిరోడ్డు, దుమ్ము, విసుగు, కానీ ప్రమాదం లేదు. బృందం ఊళ్ళో ఉండగానే ఒక గడియారపు గీత గీసుకోవాలి: ఈ చోటికి, మాటకు ఒంటిగంట లోపు, అందరూ చేరకపోతే, లేదా ఎవరి దగ్గరైనా నీళ్ళు లీటరున్నరకు తగ్గితే, ఆ మనిషీ తోడుగా ఇంకొకరూ రోడ్డు పట్టాలి. ఆ తోడు ఎవరన్నది కూడా ముందే అనుకుని ఉండాలి. అక్కడికి వచ్చాక మాట్లాడుకుందామనుకుంటే ఎవరూ నేను ఆగిపోతానని అనరు, ఇంకెవరూ నువ్వు ఆగిపో అని అనరు. అలసట మీద తీసుకునే నిర్ణయం కన్నా ముందురాత్రి అన్నం తింటూ తీసుకున్న నిర్ణయం నిలుస్తుంది. మబ్బు కమ్మితే గడియారంతో పనిలేకుండా అదే రోడ్డు. ముందున్న దారి మైళ్ళ తరబడి కొండ అంచునే పోతుంది, పిడుగుకు అంతకన్నా అనువైన చోటు ఉండదు.

ఆ అంచు చూడదగ్గది. యూపీఎస్, ఎల్‌పీఎస్‌లలో దారికి కుడివైపు నేల తెగిపోయి, వెయ్యి అడుగులకు పైగా కింద కాసిల్ వ్యాలీ పరుచుకుని ఉంటుంది. లోయకు అవతలి అంచున కాసిల్టన్ టవర్ అనే ఎర్రరాతి స్తంభం. కాళ్ళ కింద ఉన్నది కయెంటా అనే గట్టి ఇసుకరాయి. అది టోపీలా కాపాడబట్టే దాని కిందున్న వింగేట్ రాయి గోడలా నిలువుగా నిలబడింది. ఈ దృశ్యాన్ని సైకిల్ ఆపి చూడాలి. తొక్కుతూ చూడడానికి ప్రయత్నించేవాళ్ళను ఆపడం ముందువాడి బాధ్యతల్లో ఒకటి. ఎల్‌పీఎస్‌లో నాచ్ అని పేరుబడ్డ ఇరుకు రాతి సందు ఉంది. తొక్కి దిగేవాళ్ళు తక్కువ, నడిచి దిగేవాళ్ళు ఎక్కువ, ఫోటోకు నిలబడేవాళ్ళు ఇంకా ఎక్కువ. బృందంలో ఒకరు తొక్కుతానంటే, మిగతావాళ్ళు ముందు నడిచి దిగి, పడితే పట్టుకునేలా నిలబడ్డాకే వదలాలి.

దారి పక్కన మట్టి మీద నల్లగా బుడిపెల్లా కనిపించేది మురికి కాదు. సయానోబాక్టీరియా, నాచు, లైకెన్లు కలిసి అల్లిన సజీవమైన పైపొర అది. ఎడారి మట్టిని గాలికి లేవకుండా పట్టి ఉంచేది అదే. ఒక్క చక్రపు చార పడితే మళ్ళీ కోలుకోవడానికి పదుల ఏళ్ళు పడుతుంది. దాటిపోవడానికైనా, తిండికి కూర్చోవడానికైనా రాతి మీదే.

పోర్కుపైన్ రిమ్ మొదట పాత జీపు బాట. రాతిమెట్లు ఒకదాని తర్వాత ఒకటి, అన్నీ మోకాలికీ చీలమండకూ మధ్య ఎత్తులో, సైకిల్ ఒకసారి కూడా నెమ్మదించదు. ఏ ఒక్క మెట్టూ భయపెట్టదు. వాటి లెక్కలేనితనమే మనిషిని కుంగదీస్తుంది. చివరి మూడు మైళ్ళలో బాట సన్నబడి నదీలోయ గోడ మీద నడుస్తుంది. అక్కడ ఒకవైపు రాయి, ఇంకోవైపు శూన్యం. ఈ భాగానికి ముందు నీడ చూసుకుని తప్పనిసరిగా ఆగాలి, ఉప్పూ తీపీ ఏదైనా తినాలి, హెల్మెట్ పట్టీలూ మోకాలి ప్యాడ్లూ సర్దుకోవాలి, బ్రేకు లీవరు హ్యాండిల్ దాకా వస్తోందేమో నొక్కి చూసుకోవాలి. ఇక్కడ ఏం జరిగినా సాయం రావడానికి గంటలు పడుతుంది. ఫోన్ సిగ్నల్ ఒక మలుపులో ఉంటుంది, ఇంకో మలుపులో ఉండదు. ఉపగ్రహం ద్వారా సందేశం పంపే గార్మిన్ ఇన్‌రీచ్ వంటి పరికరం బృందానికి ఒకటి ఉండాలి, దాన్ని వాడడం ఇద్దరికైనా రావాలి. మోయాబ్ ఉన్న గ్రాండ్ కౌంటీ సెర్చ్ అండ్ రెస్క్యూ దళం యూటాలో అన్నిటికన్నా తీరిక లేని దళాల్లో ఒకటి.

దారి 128వ నంబరు రోడ్డు మీద, గ్రాండ్‌స్టాఫ్ లోయ దగ్గర నది ఒడ్డున బయటికొస్తుంది. 1870లలో అక్కడ పశువులు మేపుకున్న విలియం గ్రాండ్‌స్టాఫ్ అనే నల్లజాతి మనిషి పేరు అది; ఆ లోయను అంతకుముందు జాతిని ఎత్తిచూపే పేరుతో పిలిచేవారు, 2017లో ప్రభుత్వం మార్చింది. ఊరు ఇంకా అయిదు మైళ్ళ దరిదాపు ఉంది. సైకిల్ బాట నది వెంట కొంతదూరం తోడొస్తుంది గానీ కాళ్ళలో సత్తువ లేని వేళ ఎండలో ఆ చదును దూరమే పెద్దదనిపిస్తుంది. కాబట్టి ఒక బండి ముందురోజే ఇక్కడి పార్కింగ్‌లో పెట్టి, అందులో నీళ్ళ క్యాను ఉంచడం మంచిది; బండి తాళం ఇద్దరి దగ్గర ఉండాలి. చివరివాడు రోడ్డెక్కాక తలలు లెక్కపెట్టుకుని, సాండ్ ఫ్లాట్స్ మీదుగా దిగినవాళ్ళు ఉంటే వాళ్ళకు ఫోన్ చేసి, ఊళ్ళో ఎవరికి చెప్పి బయల్దేరారో వాళ్ళకు అందరూ చేరినట్టు కబురు పంపాలి. ఆ కబురు సాయంత్రం ఆరు దాకా రాకపోతే రెస్క్యూ దళానికి ఫోన్ చేయమని ఆ మనిషికి పొద్దున్నే చెప్పి ఉంచాలి.